మిగిలినదీ, మించినదీ

ఇంగ్లీషులో సర్‌ప్లస్ అని ఒక మాటా, ఎక్సెస్ అని ఒక మాటా వున్నాయి. రెండూ కావలసిన దానికన్న ఎక్కువ వున్నదని చెప్పే మాటలే. మన పత్రికలవారూ, ప్రభుత్వ కార్యాలయాలవారూ తరచు రెంటినీ ‘అదనం’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. అదనపు నీరు, అదనపు పంట, అదనపు సిబ్బంది. తర్జుమా చేసేవారికి ఇది సుఖంగానే వుంటుంది. కాని ఒక మాట వుండవలసిన చోట రెండో మాట వాడితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడిగితే, ఇది నిఘంటువుతో తీరే తగాదా కాదని తెలుస్తుంది. గుంటూరుకూ చిలకలూరిపేటకూ నడుమ, జాతీయ రహదారి మీద వున్న మా ఎడ్లపాడు ప్రాంతంలో మిర్చీ, పత్తీ పండించేవారి బతుకులూ, నూలు మిల్లుల్లో పనిచేసేవారి బతుకులూ చాలావరకు ఈ రెండు మాటల మధ్యనే నలుగుతున్నాయి. అందువల్ల వీటిని విడదీసి చూడటం అవసరమని నా అభిప్రాయం.

ముందు మాటల సంగతి చూద్దాం. సర్‌ప్లస్ ఫ్రెంచి నుంచి వచ్చింది. ‘పైన మరికొంత’ అని దాని అర్థం. ఎక్సెస్‌కు మూలం లాటిన్‌లో ‘దాటిపోవటం’ అనే క్రియ. మొదటిది లెక్కకు సంబంధించిన మాట, రెండవది హద్దుకు సంబంధించిన మాట. ఖర్చులు పోను డబ్బు నిలిచిన బడ్జెట్టును సర్‌ప్లస్ బడ్జెట్ అంటారు గాని ఎక్సెస్ బడ్జెట్ అనరు. రైల్లో అనుమతించిన బరువుకు పైబడ్డ సామానుకు ఎక్సెస్ ఛార్జి కట్టమంటారు గాని సర్‌ప్లస్ ఛార్జి కట్టమనరు.

ఈ తేడాకు మనం ఇంగ్లీషును ఆశ్రయించవలసిన పని కూడా లేదు. తెలుగులో ‘మిగులు’ వుంది, ‘మించు’ వుంది. రెండూ ఒకే ధాతువు బిడ్డలని భాషావేత్తలు చెబుతారు. ఒక్క తల్లి బిడ్డలే అయినా వాక్యంలో వాటి నడక వేరు. మిగిలింది అనగానే ‘ఎవరికి?’ అని అడుగుతాం. నాకు మిగిలింది, వాడికి మిగిలింది, ఇంటికి ఏమీ మిగలలేదు. మించింది అనగానే ‘దేన్ని?’ అని అడుగుతాం. హద్దును మించింది, శక్తిని మించింది, చెయ్యిని మించిపోయింది. మిగులుకు ఒక మనిషి కావాలి. మించటానికి ఒక గీత కావాలి. నేను చెప్పదలచిన విషయమంతా ఈ రెండు ప్రశ్నల్లో వుంది. ఎవరికి మిగిలింది అన్న ప్రశ్నను తప్పించుకోదలచినవాడు మిగులును పట్టుకుని ‘మించింది’ అంటాడు. దేన్ని మించింది అన్న ప్రశ్నను తప్పించుకోదలచినవాడు మించినదాన్ని పట్టుకుని ‘మిగులు’ అంటాడు.

ఈ రెంటికీ వున్న భేదం చెరువు కట్టినవాడికి ఎన్నడో తెలుసు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో నిలిపిన రాజ్యానికి అనవోతారెడ్డి కాలంలో రాజధాని అయిన కొండవీడు మా మండలంలోదే. ఆ కొండ మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులున్నాయి. ఒకటి నిండితే నీరు దిగువదానికి చేరేటట్టు ఏర్పాటు చేశారు. తెలుగుదేశంలో వరుస చెరువులు కట్టిన ప్రతిచోటా ఈ పద్ధతే. చెరువు నిండాక నీరు అలుగు పారుతుంది. ఆ పారే నీరు మిగులు. దానికోసం కింద మరో చెరువు, మరో ఆయకట్టు ఎదురుచూస్తూ వుంటాయి. అలుగు లేకపోయినా, వున్న అలుగును ఎవరైనా మూసేసినా ఆ నీరే కట్టకు గండి పెడుతుంది. అప్పుడది మించిన నీరు. వాన అదే, చెరువు అదే, నీటి కొలతా అదే. దారి వుందా లేదా అన్నదే తేడా. కనుక అధికమైన ప్రతిదీ సహజంగానే అనర్థమని అనుకోవటం పొరపాటు. చాలాసార్లు ఎవరో అలుగు మూసినందువల్లనే మిగులు కాస్తా గండిగా మారుతుంది.

ఇప్పుడు మిర్చి దగ్గరకు వద్దాం. ధర బాగున్నదని రైతులు 2016లో మిర్చి విరివిగా వేశారు. పంట బాగా పండింది. 2017 వేసవి నాటికి గుంటూరు యార్డులో ధర కుప్పకూలింది. కేంద్ర ప్రభుత్వం ఆ మే నెలలో మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు క్వింటాకు 5,000 రూపాయల చొప్పున కొనటానికి అనుమతి ఇచ్చింది. 2025లో మళ్ళీ అదే కథ; ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు జోక్యపు ధరగా నిర్ణయించింది. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ వినవచ్చే వివరణ ఒకటే: పంట అవసరాన్ని మించిపోయింది, అందుకే ధర పడింది.

ఎవరి అవసరాన్ని మించింది? కూరలో కారం తగ్గించుకుని వండుకునే ఇళ్ళ అవసరాన్ని ఎవరూ కొలవలేదు. ఆ ఏడు కొనేవారు ఆ ధరకు కొనదలచినదెంతో అదే ఇక్కడ కొలత. దాన్ని మించిందన్న మాట. సరే, మించిందనే అనుకుందాం. మించినంత పండించిన రైతుకు మిగిలిందేమిటి? విత్తనం, ఎరువు, పురుగుమందు, కౌలు, కోత కూలి, యార్డు దాకా బండి కిరాయి లెక్కవేసుకుంటే తిరిగి అప్పే మిగిలింది. ఒకే కల్లంలో ఒకే కుప్ప. మార్కెట్టు దాన్ని చూసి మించిపోయిందంటుంది. రైతు దాన్ని చూసి ఏమీ మిగలలేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాని పత్రికలోకి ఎక్కేది మొదటి వాక్యం ఒక్కటే.

అదే కుప్ప టిక్కీలకెక్కి కోల్డు స్టోరేజీలోకి పోయిందనుకుందాం. అప్పు తీర్చవలసిన తొందర లేనివాడు ఆరునెలలు ఆగగలడు. ధర లేచాక అమ్ముతాడు. అప్పుడా సరుకు పేరు ‘నిల్వ’; దాని మీద వచ్చేది ‘మిగులు’. రైతు చేతిలో మించినది వ్యాపారి చేతిలో మిగులు అయిందంటే సరుకు స్వభావంలో ఏదో మార్పు వచ్చినందువల్ల కాదు. ఆగగలిగిన శక్తి ఒకరికి వుంది, మరొకరికి లేదు. మా మండలంలోని వంకాయలపాడు దగ్గర సుగంధ ద్రవ్యాల బోర్డువారి పార్కు వెలిసింది. శుద్ధి చేసే యంత్రాలూ, గిడ్డంగులూ వుండటం మంచిదే. అవీ ఒక విధమైన అలుగులే. కాని ఆ అలుగు తాళంచెవి ఎవరి చేతిలో వుంటుందనే ప్రశ్న వాటంతటవి తీర్చేది కాదు.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. 1930 దశకంలో బ్రెజిల్ ప్రభుత్వం కాఫీ గింజలను గుట్టలు పోసి తగలబెట్టింది. 1933లో అమెరికా ప్రభుత్వం రైతులకు డబ్బిచ్చి పెరిగిన పత్తి చేలను దున్నించేసింది. లక్షల సంఖ్యలో పంది పిల్లలను చంపించింది. ఆ రోజుల్లోనే ఆ దేశంలోనే చిరిగిన బట్టలతో, ఉచిత రొట్టె కోసం వీధుల్లో వరుసలు కట్టి నిలబడినవారున్నారు. పత్తి మించినది బట్ట అవసరాన్ని కాదు, ధర నిలబడే గీతను. తరువాత 1954లో అదే దేశం తన గోధుమ నిల్వలను విదేశాలకు పంపటానికి పి.ఎల్. 480 అనే చట్టం చేసింది. మన దేశానికి కూడా సంవత్సరాల తరబడి ఆ గోధుమలు వచ్చాయి. తన గిడ్డంగుల్ని మించిన గోధుమ మన రేవుకు చేరేసరికి వారి ఔదార్యపు మిగులుగా మారింది. దానితోపాటు మన విదేశాంగ విధానం మీద ఒత్తిడి కూడా వచ్చింది. తిన్నవారి ఆకలి నిజమే, ఆ గోధుమ ఆకలి తీర్చిన మాటా నిజమే. అయినా మాట మారటంతో సంబంధమే మారిపోయిందని గమనించాలి.

పొగాకు సంగతి ఇంకా స్పష్టం. గుంటూరు కేంద్రంగా 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు వర్జీనియా పొగాకు ఎంత పండాలో ముందుగా నిర్ణయిస్తుంది. ఆ పరిమితికి పైన పండిన ఆకును చట్టం ఎక్సెస్ అంటుంది, దాని అమ్మకానికి జరిమానా పెడుతుంది. కాని విదేశాల్లో పంట తగ్గి, మన ఆకుకు గిరాకీ పెరిగిన సందర్భాల్లో ఆ జరిమానాను ఎత్తివేయటమూ వుంది. నిరుడు నేరమైన ఆకు ఈ ఏడు ఎగుమతి అవుతుంది. పంటలకు ప్రణాళిక వుండకూడదని నేననటం లేదు; ఆరోగ్యం దృష్ట్యా పొగాకు తగ్గవలసిందే. కాని గీత గీసేది పొలమూ కాదు, పొగ తాగేవాడి ఊపిరితిత్తులూ కాదు, దూరదేశపు కొనుగోలుదారు అవసరం అయినప్పుడు ‘హద్దు మించాడు’ అని రైతును నిందించటంలో నీతి ఏపాటిదో ఆలోచించాలి.

ఇంతవరకు మిగులును మించినదిగా చూపటం చూశాం. తిరగేసి చూపటం కూడా వుంది. అందుకు భూమిని మించిన ఉదాహరణ లేదు.

1961లో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి భూపరిమితి చట్టం వచ్చింది. దాని గరిష్ఠ పరిమితులు ఎంత ఉదారంగా వున్నాయంటే చాలామంది భూస్వాములకు దానివల్ల నిద్ర చెడలేదు. తరువాత 1973 చట్టం ఐదుగురి కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. గీత దాటిన భూమిని ఏమనాలి? హద్దు దాటింది గనుక ‘మించిన భూమి’ అనాలి. కాని వాడుకలో స్థిరపడినది ‘మిగులు భూమి’. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మిగులు భూమి అనగానే, అనుభవించగా మిగిలినదాన్ని ఆ ఆసామి పెద్ద మనసుతో వదులుకున్నట్టు వినిపిస్తుంది. 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానోద్యమం పెంచిన మనోభావం కూడా ఇదే: వున్నవాడి నుంచి మిగిలింది అడుగుదాం, అతడు ఇస్తాడు. అడిగి తీసుకున్నదానికి కృతజ్ఞత చెప్పాలి. హద్దు మించినందున చట్టం తీసుకున్నదానికి కృతజ్ఞత ఎందుకు? మిగులు అనటంతో మొదటి ప్రశ్న, అంటే అంత భూమి ఒకరి కింద ఎలా చేరిందన్నది, మర్యాదగా పక్కకు తప్పుకుంది. పేదలకు పంచిన భూముల్లో రాళ్ళూ చవుడూ ఎక్కువ చోటు చేసుకోవటంలో ఆశ్చర్యమేముంది? మిగులుగా ఇచ్చేవాడు తనకు పనికిరానిదే ఇస్తాడు.

లాభం విషయంలోనూ ఇంతే. 1940లో, యుద్ధకాలంలో, వలస ప్రభుత్వమే అధిక లాభాల పన్ను విధించింది. మామూలు లాభానికి ఒక కొలత పెట్టి, అది దాటినదాన్ని ఎక్సెస్ అని చట్టంలో రాసింది. లాభానికి హద్దు పెట్టటం అసాధ్యమని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. యుద్ధం ముగియగానే ఆ పన్ను పోయింది. దానితోపాటు లాభం ఎప్పుడైనా హద్దు మించవచ్చుననే ఆలోచన కూడా పోయింది. లాభం ఎంత పెరిగినా మిగులే అయింది.

మనుషులను మాత్రం ఈ మాటలు సుళువుగా పట్టుకుంటాయి. బడుల హేతుబద్ధీకరణ జరిగినప్పుడల్లా ‘సర్‌ప్లస్ టీచర్ల’ జాబితా బయటికి వస్తుంది. పిల్లల సంఖ్యకు నిష్పత్తి కట్టి చూస్తే ఈ బడిలో ఒక పంతులు మిగిలాడంటారు. ఎవరికి మిగిలాడు? ఐదు తరగతుల పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టుకుని చెప్పే ఆ రెండో పంతులుకు మిగలలేదు, పిల్లలకు అసలే మిగలలేదు. ఖజానా పద్దుకు మిగిలాడు.

నూలు మిల్లులో ఈ రెండు ప్రశ్నలూ ఒకే గడియారం మీద కలుస్తాయి. మార్క్స్ 1867లో వెలువడిన తన మహాగ్రంథంలో శ్రామికుడి పనిదినాన్ని రెండుగా విడదీశాడు. తన బతుకుకు సరిపడే విలువను సృష్టించే కాలం ఒకటి. దానిపైన యజమాని కోసం పనిచేసే కాలం రెండవది. ఈ రెండవ కాలంలో పుట్టేదే అదనపు విలువ. ఇక్కడ ప్రశ్న ‘ఎవరికి మిగిలింది?’ అన్నది. కాని అదే గ్రంథంలో పనిదినం గురించి రాసిన చోట ఆయన రెండో ప్రశ్నను కూడా అడిగాడు: పనిదినానికి హద్దేమిటి? శరీరం సహించగల హద్దు ఒకటి, మనిషిగా బతకటానికి కావలసిన తీరికకు సంబంధించిన నైతికమైన హద్దు మరొకటి అన్నాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని గీసిన గీత ఆ రెండో ప్రశ్నకు జవాబే. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ 9 గంటలను 10 చెయ్యాలని నిర్ణయించింది. పెట్టుబడులు వస్తాయి, రాష్ట్రానికి మిగులు పెరుగుతుంది అన్న వాదన విన్నాం. ఆ పదో గంట ఎవరికి మిగులుతుందన్నది ఒక ప్రశ్న. అది దేన్ని మించుతుందన్నది మరో ప్రశ్న. దూది నుసి పీలుస్తూ మరల పక్కన నిలబడిన మనిషి వెన్నును మించుతుంది. రెట్టింపు కూలి ఇచ్చినా ఈ రెండో ప్రశ్న తీరదు.

ఇక్కడ మన సాహిత్యోద్యమం తనలో తాను మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి వుంది. అభ్యుదయవాదులం మొదటి ప్రశ్నను గట్టిగా అడగటం నేర్చుకున్నాం. ఎవరు పండించారు, ఎవరు అనుభవించారు అని నిలదీయటంలో మనకు సాటి లేరు. కాని మిగులును న్యాయంగా పంచితే చాలు, హద్దుల ప్రశ్న దానంతటదే పోతుందని ఒక ధీమా మనలో పాతుకుపోయింది. ఈ ధీమాకు పత్తి చేలు బదులు చెప్పాయి.

1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో సింథటిక్ పైరిథ్రాయిడ్ల పిచికారీ విపరీతమైంది. మందు పురుగును చంపింది, పురుగును తినే మిత్రకీటకాలను కూడా చంపింది. తెల్లదోమ విరగబడింది. శనగపచ్చ పురుగు మందుకు లొంగటం మానింది. లొంగలేదని మరింత కొట్టారు. మరింత కొట్టినందువల్ల మరింత లొంగలేదు. 1987-88లో పంట పోయి, మందుల దుకాణం అప్పు తీరక ఈ జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు పెట్టినవాడి పాపం ఇందులో నిస్సందేహంగా వుంది. మందు ఎంత కొట్టాలో చెప్పేవాడూ, మందు అమ్మి అప్పిచ్చేవాడూ ఒకడే కావటంలో వర్గస్వభావం వుంది. కాని ఆ పొలం రైతు సొంతమైనా, సహకార సంఘానిదైనా తెల్లదోమ లెక్కచేసేది కాదు. మధ్య ఆసియాలో పత్తి కోసం అము దర్యా, సిర్ దర్యా నదులను సోవియెట్ ప్రభుత్వం మళ్ళించింది. అక్కడ భూస్వామి లేడు. మిగులు రాజ్యానిది, రాజ్యం శ్రామికులదన్నారు. 1960 తరువాత కొద్ది దశాబ్దాల్లో అరల్ సముద్రం అత్యధిక భాగం ఎండిపోయి, ఉప్పు దుమ్ము మిగిలింది. ‘ఎవరికి?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికిందని ‘దేన్ని?’ అన్న ప్రశ్న అడగటం మానినందుకు చెల్లించిన మూల్యమది.

అయితే హద్దు గురించి మాట్లాడగానే మితవాదులు మనతో చెయ్యి కలపాలని చూస్తారు. అతి పనికిరాదు, వున్నదానితో తృప్తిపడాలి అని వారి బోధ. ఈ బోధను ఎక్కువగా వినవలసివచ్చేది ఎప్పుడూ అతి చెయ్యగల స్థోమత లేనివాడే. పూట గడవనివాడికి మితాహారం చెప్పటం నీతి కాదు, పరిహాసం. మధ్యేమార్గాన్ని బోధించిన అరిస్టాటిల్ కూడా ఈ అన్యాయం చెయ్యలేదు. మిలో అనే మల్లుడికి చాలని తిండి సాధన మొదలుపెట్టిన పిల్లవాడికి ఎక్కువ కావచ్చునని ఆయన ఉదాహరణ చెప్పాడు. అంటే కొలత మనిషి అవసరం నుంచి పుట్టాలి గాని, అందరినీ ఒకే గరిటెతో కొలిచి మధ్య గీత గియ్యటం కాదు. కూలి పెంచమన్నవాడి కోరికను ‘అతి’ అనేవాడు తన గరిటె ఎక్కడిదో ముందు చెప్పాలి.

హద్దు ఎక్కడ వుందో తెలియటం అంత అసాధ్యమేమీ కాదు. కొండవీటి చివరి రెడ్డిరాజు రాచవేమారెడ్డి పురుడు పోసుకున్న ఇంటి మీద పురిటి పన్ను వేశాడనీ, దాన్ని సహించలేక సవరం ఎల్లయ్య అతణ్ణి పొడిచి చంపాడనీ స్థానిక చరిత్రలు చెబుతాయి. అంతకు ముందు ప్రజలు పన్నులు కట్టలేదా? పంటలో రాజుకు భాగం ఇవ్వలేదా? ఇచ్చారు. అది ఎక్కువనీ తక్కువనీ గొణుక్కున్నారు కూడా. పురిటి పన్ను దగ్గర మాత్రం ప్రశ్న మొత్తం గురించి కాకుండా పోయింది. పన్ను ఎంత తక్కువైనా సరే, అది తాకరానిదాన్ని తాకింది. మన పల్నాటిలోనే 1920 దశకపు తొలినాళ్ళలో అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నప్పుడు కన్నెగంటి హనుమంతు వెంట జనం నిలబడ్డారు. 1922లో ఆయన పోలీసు కాల్పులకు బలి అయ్యాడు. గడ్డికి పన్నేమిటన్నది వారి వాదం. అణాపైసల లెక్కకు అందని హద్దు ఒకటి వుందని ఆ నిరక్షరాస్యులకు తెలుసు.

కాబట్టి నేను కోరేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ‘అదనం’ అన్న మాట వార్తలోగాని, ప్రభుత్వ ఉత్తర్వులోగాని, మన సొంత వ్యాసాల్లోగాని కనిపించినప్పుడు దాన్ని ఒక్క క్షణం ఆపి రెండు ప్రశ్నలూ అడగాలి. ఎవరికి మిగిలింది? దేన్ని మించింది? మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే చెరువు అందరిదీ అవుతుంది గాని గండి పడే ప్రమాదం పోదు. రెండవది ఒక్కటే అడిగితే కట్ట భద్రంగా వుంటుంది గాని నీరు ఒకరి పొలానికే పారుతుంది. రానున్న వేసవిలో యార్డులో మళ్ళీ ధర పడి, పంట మించిపోయిందని ఎవరైనా అన్నప్పుడు మన రచయితలు ముందుగా రైతు ఖాతా పుస్తకం తెరిచి అందులో మిగిలిందెంతో చూసి రాస్తే, అది ఈ మాటలకు జరిగే మొదటి న్యాయం.